చివరి వీధిలో చదివిన రిపోర్టు

ఈ మధ్య హోటళ్లలో టీ ఎవరూ చేసి ఇవ్వడం లేదు. వేడినీళ్లు ఒక చోట, పాలపొడి ఒక చోట, దారానికి వేలాడే చిన్న సంచీ ఇంకో చోట పెట్టి, మిగిలిన కష్టం మనకే వదిలేస్తున్నారు. అంతా కలిపాక తయారయ్యేదాన్ని టీ అనడానికి కొంత ఉదారబుద్ధి కావాలి. మొన్న భోగాపురం దగ్గర, రాబోయే విమానాలను నమ్ముకుని ముందుగానే లేచిన ఒక హోటల్లో అలాంటి కప్పు చేత్తో పట్టుకుని కూర్చున్నాను. వెనుకబడిన వర్గాలను అభివృద్ధిలో కలుపుకుపోవడం ఎలా అన్నదాని మీద రెండు రోజుల సమావేశం. ఏసీ తగ్గించే మీట ఎక్కడుందో ఎవరికీ తెలియక, అందరం వణుకుతూనే కలుపుకుపోతున్నాం. ఇంతలో ఎవరో చార్టు మీద రాయడానికి మార్కర్ పెన్ను మూత తీశారు. ఆ ఘాటు వాసన ముక్కుకు తగలగానే నాకు పైడమ్మ గారు గుర్తొచ్చారు. ఆవిడకు ఆ వాసన పడేది కాదు. "ఈ పెన్ను మూత తీసినారంటే, ఎవులో అబద్ధం రాయబోతన్నారనే" అనేవారు.

నేను ఎచ్చెర్ల యూనివర్సిటీలో ఎం.ఏ. పూర్తిచేసి, ప్రపంచాన్ని మార్చడానికి సిద్ధంగా ఉన్న రోజులవి. ప్రపంచం తొందరపడలేదు కాబట్టి విజయనగరంలో ఒక చిన్న సంస్థలో చేరాను. ఏదో చలిదేశంలోని దాతలు డబ్బు పంపేవారు, మేం పనిచేసి వాళ్లకు ఇంగ్లీషులో రిపోర్టు పంపేవాళ్లం. ఊళ్లలో జరిగే పనికంతటికీ పెద్ద పైడమ్మ గారు. కొత్తవలస దగ్గర రైతుల ఇంటి ఆడపడుచు, పదో తరగతి చదివి చాలాకాలం బాలవాడీలో పాఠాలు చెప్పారట. మొదటిరోజు నేను భక్తిగా "మేడం" అన్నాను. ఆవిడ వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూశారు.

"ఎవులూ రాలేదే. మేడమని ఎవుల్ని పిలస్తన్నావు? అప్ప అను, సాల్లే."

మా వైపు అక్కను అప్ప అంటారు. ఆ క్షణం నుంచి ఆవిడ నాకు అధికారి కాదు, అంతకంటే ప్రమాదకరమైన మనిషి.

అప్పకు ఒక నియమం ఉండేది. ఏ రిపోర్టయినా సరే, విదేశానికి వెళ్లేముందు, ఎవరి గురించి రాశామో వాళ్ల మధ్య కూర్చుని తెలుగులో పైకి చదవాలి. ఇంగ్లీషులో మహా గంభీరంగా కనబడిన వాక్యాలు ఆ పరీక్షలో బతికి బట్టకట్టడం కష్టం. నా మొదటి రిపోర్టు చేపలమ్ముకునే ఆడవాళ్ల మీద. వాళ్లు గొంతులేని వారని రాశాను. సముద్రం ఒడ్డున అదే చదివాను. ముందువరుసలో కూర్చున్న ఒకావిడ, వేలంపాటలో అరిస్తే పడవలు వెనక్కి తిరిగేంత కంఠం ఉన్న మనిషి, పక్కావిడను అడిగింది, "ఓలమ్మా, ఈ బాబుకి సెవుడేటే?" ఆ వాక్యం అక్కడే ఇసకలో పూడ్చిపెట్టి వచ్చాను.

తర్వాత ఆ దాతల డబ్బుతోనే గజపతినగరం అవతల ఒక ఊరికి కుళాయిల పథకం వచ్చింది. ఇంటింటికీ కుళాయి. ఏ ఇళ్లకు వేయాలో జాబితా పంపడం నా పని. మా పద్ధతి ప్రకారం ఊరివాళ్లే నేల మీద ముగ్గుపిండితో ఊరి పటం గీయాలి, దాన్ని మేం చార్టు మీదకు ఎక్కించుకోవాలి, ఆ పటంలోని ఇళ్లే జాబితా. రామాలయం ముందు నీళ్లు చల్లించి, పిండి పోయించి, దగ్గరుండి గీయించాను. పెద్దలు ఉత్సాహంగా గీశారు. సర్పంచి గారి మేడకు మెట్లు కూడా వేశారు. అక్కడే రిపోర్టు చదివితే అందరూ తలలూపారు. ఇక మర్నాడు పంపేయడమే అనుకుంటూ చార్టు చుట్టి అప్ప చేతికిచ్చాను.

"సివరింట్లో సదివినావా?"

"ఊరంతా ఇక్కడే విన్నారప్పా."

"ఇక్కడికి రానోళ్లు?"

నా జవాబు కోసం ఆగకుండా ఆవిడ కాలవగట్టు మీదుగా నడక మొదలుపెట్టారు. కాలవ దాటాక ఒక వీధి ఉంది. పన్నెండు రెల్లి కుటుంబాలు, ఊరు దూరంగా ఉంచే కులం. పళ్లు అమ్ముకునేవాళ్లు కొందరు, పట్నంలో వీధులు ఊడ్చే పనికి వెళ్లేవాళ్లు కొందరు. మొదటి గుమ్మంలో గౌరమ్మ అనే ఆవిడ గంపలోని జామకాయలు ఏరుతోంది. అప్ప ఆ అరుగు మీద కూర్చుని, నన్ను చదవమన్నారు. గ్రామంలోని అన్ని వర్గాలూ పాల్గొన్నాయని, ఏ ఒక్క ఇల్లూ విడిచిపెట్టలేదని చదివాను. గౌరమ్మ చేతులు తుడుచుకుని చార్టు విప్పమంది. వేలితో రామాలయం, బడి, సర్పంచి గారి మెట్లు, కాలవ అన్నీ పోల్చుకుంది. వేలు కాలవ దాటాక తెల్లకాగితం మీద ఆగింది.

"మా ఇల్లేది బాబూ?"

నేను చార్టు చివరలు సరిచేయడంలో మునిగిపోయాను.

ఆవిడకు కోపం రాలేదు. అదే బాగుండేది. "రామాలయం కాడ గీసినారు గదా, మేం అటు రాం" అంది, వాతావరణం గురించి చెప్పినట్టు. "ఊళ్లో బోరింగు కాడా అంతే. దూరంగా నిలబడితే ఎవులికో తీరికై పోస్తారు. మా ఆడగుంట బిందెట్టుకుని నిలబడీ నిలబడీ రోజూ బడికి ఆలీసమవతన్నాది. కుళాయిలొస్తన్నాయంటే ఇంక నిలబడక్కర్లేదని దానికి సెప్పీసినాను కూడాను."

ఎవరూ కుట్ర చేయలేదు. పెద్దలను అడిగితే, "అవున్రా, ఆళ్లని మర్సేపోనాం" అన్నారు, నిజాయితీగానే. మరిచిపోవడానికి వాళ్లు ఏమీ కష్టపడలేదు. గుర్తించడానికి నేనూ కష్టపడలేదు. రెండు రోజులు ఆ ఊళ్లో తిరిగి, మూడుసార్లు సర్పంచి గారింట్లో భోంచేసి, కాలవ దాటలేదు.

మర్నాడు పొద్దున్నే అప్ప ముగ్గుపిండి సంచీతో గౌరమ్మ గుమ్మం ముందు కూర్చున్నారు. పటం ఇక్కణ్ణించి మొదలవుతుందని ఊరంతా కబురు పెట్టారు. గౌరమ్మ తన ఇల్లు గీసింది, గంప గీసింది, జామచెట్టు కూడా గీసింది. పన్నెండు ఇళ్లూ విశాలంగా పరుచుకున్నాయి. కాలవకు ఊరి వైపున నిలబడి చూసిన కొందరు, కాసేపటికి తమ ఇళ్లు ఎవరు గీస్తారోనన్న బెంగతో ఇటు వచ్చేశారు. పటం రామాలయం దాకా వచ్చేసరికి సంచీ అడుగు కనబడింది. సర్పంచి గారి మేడ అగ్గిపెట్టెంత వచ్చింది. ఆయన దాని చుట్టూ ఒకసారి తిరిగారు.

"ఇదేటి పైడమ్మా, నా ఇల్లు ఇంతేనా?"

"పిండి అయిపోనాది మావా" అన్నారు అప్ప. "నిన్న ఈళ్లకి అయిపోనాది, ఈరోజు నీకు."

ఆయన నవ్వాలో వద్దో తేల్చుకోలేక, చివరికి కండువాతో మొహం తుడుచుకున్నారు.

ఈలోగా రిపోర్టు పంపాల్సిన గడువు దాటింది. నేను ఇంకా పర్మినెంటు కాలేదు. తుఫానుకు నెట్‌వర్క్ పోయిందని రాద్దామన్నాను. ఆకాశం నీలంగా మెరిసిపోతోంది.

"ఒక వీధిని మర్సిపోనాం, అందుకే ఆలీసం అని రాయి" అన్నారు అప్ప.

"నా ఉద్యోగం పోతుందప్పా."

"నీకు ఇంకోటి దొరుకుతాది. ఎమ్మే సదివినావు గదా. ఆ గుంటకి ఇంకో కుళాయి దొరకదు."

రాశాను. మూడు రోజులు పేపర్లో ఉద్యోగాల ప్రకటనలు చదివాను. నాలుగో రోజు దాతల జవాబు వచ్చింది. గడువు పొడిగించారు, పటాలు రెండూ పంపమన్నారు. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి వాళ్లు ఎక్కడెక్కడో చూపించారట. నా తప్పు నాకంటే ముందు విదేశాలు తిరిగింది. ఆ ఏడాదే పర్మినెంటయ్యాను. కాలవ అవతల పన్నెండు కుళాయిలు పడ్డాయి. గౌరమ్మ మొదటిది తిప్పినప్పుడు కాసేపు గాలి దగ్గింది, ఆ తర్వాత నీళ్లు వచ్చాయి. అప్ప ఉపన్యాసం ఇవ్వలేదు. దోసిలి పట్టి తాగి, "ఉప్పు లేదు, సప్పగున్నాయి, మంచియే" అన్నారు.

అప్ప పోయి ఏడాది దాటింది. నాకిప్పుడు పెద్ద కుర్చీ ఉంది, చిన్నవాళ్లు నన్ను 'సర్' అంటారు. కొత్త ఊరు వెళ్తే చివరి వీధి ఎటని అడిగి అక్కణ్ణించే మొదలుపెడతాను. రిపోర్టు అక్కడ చదివాకే సంతకం పెడతాను. ఆఫీసులో దీన్ని నా చాదస్తం అంటారు. అరువు తెచ్చుకున్న చాదస్తమని వాళ్లకు తెలియదు. హోటల్ నుంచి వచ్చిన రాత్రే ఇదంతా రాశాను. కానీ నియమం నియమమే. ఎవరి గురించి రాశానో ఆవిడకు చదివి వినిపించే వీలు లేదు కనక, ఇంతవరకు రాసింది పట్టుకుని పోయిన ఆదివారం గౌరమ్మ వీధికి వెళ్లాను.

ఆవిడ గుమ్మం పక్కన, కుళాయి దిమ్మ మీదే కూర్చుని చదివాను. అగ్గిపెట్టె మేడ దగ్గర గౌరమ్మ పకపకా నవ్వింది. అప్ప పోయిన మాట దగ్గర కొంగుతో కళ్లు ఒత్తుకుంది. కాగితాలు మడిచి, మెప్పు కోసం కొంచెం వినయంగా ఎదురుచూశాను.

"బాగా రాసినావు బాబూ" అంది. "ఈ కుళాయికి నీళ్లు రాక ఇరవై రోజులైనాది. ఆవిడైతే వచ్చీరాగానే తిప్పి సూసేది."