దీదీ నేర్పిన మొదటి వాక్యం

ఖరగ్‌పూర్ ఊళ్లోని మలంచా పేటలో మేముంటున్న అద్దెవాటా పక్కన ఈమధ్యే ఒక కొత్త కోడలు కాపురానికి వచ్చింది. నిన్న మధ్యాహ్నం ఆ అమ్మాయి స్టీలు గిన్నెలో మూడీ, అంటే మన మరమరాలే, పోసుకుని, ఆవకాయ జాడీ అడుగున మిగిలిన నూనె, పిండి అందులో కలిపి, ఉల్లిపాయ తరిగి వేసుకుని మెట్ల మీద కూర్చుంది. ఆ ఘాటు కిటికీలోంచి నా బల్ల దాకా వచ్చింది. అప్పుడు నేనొక బీమా కంపెనీ వెబ్‌సైటుకి పేజీ రాస్తున్నాను. మొదటి వాక్యం దగ్గరే చెయ్యి ఆగిపోయింది. బెంగాలీల మూడీలో మన ఆవకాయ కలుపుకునే అలవాటు ఈ ఖరగ్‌పూర్ తెలుగువాళ్లకే చెల్లింది. నాకు మాత్రం అది సుభద్ర గారి వాసన. ఆవిడ పోయి ఏడాది కావస్తోంది. ఈ రాతపనితో నేను నాలుగు మెతుకులు తింటున్నానంటే అది ఆవిడ చలవే.

సుభద్ర గారు రైల్వే ఎంక్వయిరీ కిటికీ దగ్గర పనిచేసి రిటైరయ్యారు. తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరితే, ఈవిడ డిగ్రీ చదివి, పరీక్ష రాసి ఆఫీసులోకి వెళ్లారు. తెలుగు, బెంగాలీ, హిందీ, ఒడియా నాలుగూ గలగలా మాట్లాడేవారు. ఇంగ్లీషు మాత్రం కోపం వచ్చినప్పుడే బయటికి తీసేవారు. స్టేషన్లో కూలీల దగ్గర్నుంచి అందరూ దీదీ అనేవారు కాబట్టి మేమూ దీదీ అనే పిలిచాం. రిటైరయ్యాక ఒకచోట కుదురుగా కూర్చునే మనిషి కాదు. మలంచాలో సొంత ఇంటి మేడ మీద రెండు గదుల్లో కంప్యూటర్లు పెట్టించి, వెబ్‌సైట్లకి రాసిచ్చే ఆఫీసు తెరిచారు. తెలుగూ బెంగాలీ రెండూ సమంగా రాయగల ఆడపిల్లలు ఈ ఊళ్లో తప్ప ఇంకెక్కడ దొరుకుతారన్నది ఆవిడ ధీమా. న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్ల నుంచి ఐదుగురం సైకిళ్ల మీద వచ్చేవాళ్లం. మా నాన్న రిటైర్మెంటు దగ్గర పడుతోంది, క్వార్టరు ఖాళీ చెయ్యాలి. నాకు ఆ ఉద్యోగం నిలిస్తే ఊళ్లోనే అద్దెకుంటాం, లేకపోతే మా తాతల ఊరికి పోవాలి. ఆ ఊరిని నేను పెళ్లిళ్లకి వెళ్లినప్పుడు తప్ప చూసి ఎరగను.

మా ఆఫీసుని పోషించిన పెద్ద బేరం ఒక్కటే. దక్షిణాదిలో పెద్దాసుపత్రి ఉన్న ఒక ఊళ్లో ఓ తెలుగాయన లాడ్జి నడిపేవాడు. బెంగాల్ నుంచి రోగుల్ని తీసుకుని ఆ ఊరికి వెళ్లే కుటుంబాలకి లెక్కలేదు. వాళ్లు బయల్దేరేముందు బస ఎక్కడా అని ఫోన్లో వెతుకుతారు. అలా వెతికినప్పుడు అందరికంటే పైన తన వెబ్‌సైటే కనపడాలని ఆయన కోరిక. పైన కనపడ్డవాడిదే వ్యాపారం, రెండో పేజీలోకి పోయినవాడు ఊళ్లో లేనట్టే. ఆ పేజీలు బెంగాలీలో రాసే పని నా చేతికి వచ్చింది.

నేను నాలుగు వీడియోలు చూసి తెలివి మీరిన రోజులవి. జనం వెతికే మాటల్ని పేజీ నిండా దట్టిస్తే చాలనుకున్నాను. చవకైన మంచి లాడ్జి, ఆసుపత్రి దగ్గర మంచి లాడ్జి, కుటుంబాలకి మంచి లాడ్జి అంటూ ప్రతి పేరాలోనూ వాయించాను. పాలరాతి హాలు, ఏసీ గదులు, మెత్తటి పరుపులు అన్నీ వర్ణించాను. అసలు కంటే కొసరు ముద్దంటారు గానీ నా పేజీలో అసలన్నదే లేదు, అంతా కొసరే. దీదీ మూడీ గిన్నె ఒళ్లో పెట్టుకుని ఆ పేజీని పైకి చదివించుకున్నారు.

"సాయ్ సాయ్ అని బండిలో టీ అమ్మినోడు అరిస్తే అందంగుంటాది. నువ్వెందుకమ్మా అలగ అరిసినావు?" అన్నారు. మిగతా అమ్మాయిలు నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ మర్నాడు నన్ను కంప్యూటరు దగ్గర కూర్చోనివ్వకుండా స్టేషన్‌కి తీసుకెళ్లారు.

దక్షిణం వైపు పోయే బండి రావడానికి ఇంకా టైముంది. ప్లాట్‌ఫారం మీద ఎక్స్‌రే కవర్లు, ఫ్లాస్కులు, మూటలు పట్టుకుని కుటుంబాలు గుంపులుగా కూర్చున్నాయి. నన్ను ఏమీ అడగొద్దన్నారు దీదీ, ఊరికే వాళ్ల మధ్య కూర్చుని వినమన్నారు. తను మాత్రం ఊరుకోలేకపోయారు. ఉద్యోగం వదిలి ఎన్నాళ్లయినా ఆ మొహం చూడగానే జనానికి ప్రశ్నలు పుట్టుకొచ్చేవి. ఒక ముసలావిడ చెయ్యి పట్టుకుని, "దీదీ, ఓఖానే రాన్నా కొరా జాయ్?" అని అడిగింది. అక్కడ గదిలో వండుకోనిస్తారా అని. రోగికి ఇంటి అన్నం, చేపల పులుసు పెట్టుకోగలమా అన్నదే ఆవిడ బెంగ. పాలరాతి హాలు గురించి ఎవ్వరూ అడగలేదు. తిరుగు బండిలో దిగిన ఒక కుటుంబం అయితే, తమ్ముడి గుర్తింపు కార్డు ఇంట్లో మర్చిపోవడం వల్ల ఏ లాడ్జీలోనూ గది ఇవ్వలేదని, ఫోన్లో ఫొటో చూపించినా ఒప్పుకోలేదని, ఆపరేషన్ మనిషితో ఆసుపత్రి అరుగు మీద పడుకున్నామని చెప్పుకుని వాపోయింది.

ఆఫీసుకి రాగానే లాడ్జి యజమానికి ఫోన్ చేసి ఆ రెండు సంగతులూ అడిగి, పేజీ మళ్లీ రాశాను. మొదటి వాక్యం ఇది: రోగితో పాటు గదిలో ఉండే ప్రతి ఒక్కరూ అసలు గుర్తింపు కార్డు తెచ్చుకోవాలి, ఫోన్లో ఫొటో చూపిస్తే గది ఇవ్వరు. రెండోది: గదిలో గ్యాసు పొయ్యి ఉంది, వండుకోవచ్చు. లాడ్జి గొప్పలు వాటి తర్వాతే. కొన్ని నెలలు తిరిగేసరికి ఆ పేజీ అన్నిటికంటే పైకెక్కింది. దీదీ ఆ సాయంత్రం అందరికీ వేడి సింగాడాలు, అంటే సమోసాలే, తెప్పించారు. ఫోన్లో అడిగింది వెతికిపెట్టే ఆ సెర్చ్ యంత్రం కూడా ఒక ఎంక్వయిరీ కిటికీయేనని, జనం అడిగిందానికి సూటిగా జవాబు చెప్పేవాడినే అది ముందు నిలబెడుతుందని ఆవిడ వాదన. అది పూర్తిగా నిజం కాదని ఇప్పుడు నాకు తెలుసు, డబ్బుతో పైకెక్కేవాళ్లూ ఉంటారు. ఆ రోజు మాత్రం సింగాడా తింటూ తలూపాను.

తర్వాత వచ్చింది అసలు చిక్కు. వెతికినవాళ్లకి మా వాక్యాన్ని ఆ యంత్రమే తెర మీద పైన చూపించెయ్యడం మొదలుపెట్టింది. జవాబు అక్కడే దొరికాక లోపలికి వచ్చి పేజీ తెరిచే అవసరం ఎవరికుంటుంది? స్థానం మొదటిదే, లోపలికి వచ్చేవాళ్లు మాత్రం పల్చబడిపోయారు. లాడ్జి యజమాని ఫోన్ చేశాడు. ఆయన చెడ్డవాడేం కాదు, తన బాధ తనది. ముందు గదుల ఫొటోలు, తర్వాత తమ పేరుప్రతిష్ఠలు, బుకింగు బటను పెట్టి, కార్డు సంగతి చిట్టచివరకి నెట్టమన్నాడు. అంతా చదివితే గానీ జవాబు దొరక్కూడదట. కుదరదంటే పని వేరేవాళ్లకి ఇస్తానన్నాడు. ఆ పని పోతే ఆఫీసు మూతపడుతుందని మా అందరికీ తెలుసు.

"రోగిని మీ గుమ్మం కాడికి తెచ్చి నిలబెట్టినాక సెప్తారేటండి కార్డు కావాలని?" అని అడిగారు దీదీ. ఆయన ఆలోచించుకోమని చెప్పి పెట్టేశాడు.

నేను వాదించాను. చివర రాసినా అబద్ధం కాదు కదా, కావలసినవాళ్లు కిందికి జరుపుకుని చదువుకుంటారు, ఇక్కడ ఐదుగురి బతుకులున్నాయి అన్నాను. ఆ వాదన తప్పని ఇప్పటికీ అనను. దీదీ కోప్పడలేదు. ఇంగ్లీషు కూడా బయటికి రాలేదు. తను కొత్తగా ఎంక్వయిరీ కిటికీలో చేరిన రోజుల్లో ఒకాయన వచ్చి మద్రాసు బండి గురించి అడిగాడట. ఈవిడ మర్యాదగా, వివరంగా, ఆలస్యం ఎంత, ఎక్కడెక్కడ ఆగుతుంది అన్నీ చెప్పుకొచ్చారట.

"ప్లాట్‌ఫారం నంబరు ఆకర్ని సెప్పినాను పద్దూ. ఆయన పరిగెట్టినాడు గానీ బండి ఎల్లిపోనాది. ఆసుపత్రిలో కూతురున్నాదట. ఎనక్కొచ్చి నన్ను తిట్టనేదు. అలగ ఒకపాలి సూసి ఎల్లిపోనాడు. తిట్టినా బాగున్ను," అన్నారు.

మర్నాడు యజమానికి కుదరదని చెప్పేశారు. మాకు వేరే పనులు వెతికిపెట్టాలని గడప గడపా ఎక్కిదిగారు. మిగతా నలుగురికీ దొరికాయి, వాళ్లలో ఒకమ్మాయి విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో చేరింది. ఇంటి నుంచే చేసే ఈ పని నాకు దీదీ ఇప్పించిందే. మేం ఊరు వదలకుండా మిగిలాం. మేడ మీది గదులు మాత్రం ఖాళీ అయిపోయాయి. చివరి కంప్యూటరు కిందికి దించిన రోజు దీదీ మెట్ల దగ్గరే నిలబడిపోయారు. నాకు ఆవిడ మీద గౌరవమూ ఉంది, చెప్పలేనంత కోపమూ ఉంది. రెండూ ఒకేసారి ఉండగలవని ఆ రోజే తెలిసింది.

కొన్నాళ్లకి మా నాన్నకి కంటి ఆపరేషన్ పడి, మేమూ అదే దక్షిణం బండి కోసం ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాం. పక్కనే ఒక బెంగాలీ కుటుంబం, జబ్బుమనిషి తండ్రి, తల్లి, ఇద్దరు కొడుకులు. పెద్దవాడు ఫోన్లో ఏదో వెతికి పైకి చదివాడు. అది నా వాక్యం. లాడ్జివాళ్లు ఎప్పుడో మార్చేసుకున్నా, ఎవరెవరో దాన్ని ఎత్తుకుపోయి తమ పేజీల్లో పెట్టుకున్నారు. దొంగతనానికి గురైనందుకు ఇంత సంతోషించిన మనిషిని నేనే అయి ఉంటాను. చిన్నకొడుకు జేబులు తడుముకున్నాడు. కార్డు లేదు, ఫోన్లో ఫొటో ఉంది. ఇల్లు ఈ ఊళ్లోనే, ఇందా పేటలోనేనని, ఆటోలో తెచ్చేస్తానని ఒక్క ఉరుకున వంతెన ఎక్కాడు. కాసేపటికి బండి వచ్చింది. మా నాన్నని ఎక్కించి, సామాను సర్ది, కూర్చునేసరికి కదిలింది కూడా. ఆత్రం ఆపుకోలేక దీదీకి ఫోన్ చేశాను. అప్పటికే ఆవిడ ఒంట్లో బాగుండడం లేదు. జరిగిందంతా చెప్పి, "దీదీ, మన వాక్యం ఇంకా పైనే ఉంది. ఒక్క అక్షరం మారలేదు," అన్నాను.

"కార్డుకి ఎల్లిన ఆ కుర్రోడు బండి అందుకున్నాడా?" అన్నారు.

నాకు తెలియదు. నా వాక్యం విన్న సంబరంలో నేను వెనక్కి తిరిగి చూడనేలేదు. ఆ మాటే చెప్పాను.

"మరి లెగిసి సూడు," అన్నారు. ఫోన్ పెట్టలేదు.

ఊగుతున్న బండిలో ఒక్కొక్క పెట్టె దాటుకుంటూ వెళ్లాను. మూడో పెట్టెలో ఆ కుటుంబమంతా కనిపించారు. చిన్నకొడుకు చొక్కా తడిసి ముద్దయి రొప్పుతున్నాడు, తల్లి కొంగుతో విసురుతోంది. కార్డు ఆవిడ పిడికిట్లో ఉంది. ఉన్నాడు దీదీ అన్నాను. అయితే సరే, మీ నాన్నని ఒక్కణ్ణీ వదిలీకు, ఎల్లు అని పెట్టేశారు.

నేను రాసిన పేజీ మొదటి స్థానంలోకి వచ్చిందని కంపెనీవాళ్లు చెబితే ఇప్పటికీ సంతోషిస్తాను, అబద్ధమెందుకు. ఆ వెంటనే, అది చదివి ఎవరు ఎక్కడికి బయల్దేరారో, చేరారో లేదో అనిపిస్తుంది. లేచి వెళ్లి చూడడానికి దారి లేదు. అందుకని పేజీ పంపించేముందు మొదటి వాక్యాన్ని, బండి కదలబోతున్న మనిషికి చెబుతున్నట్టు, ఒకసారి పైకి చదువుకుంటాను.