కాడల్లేని ఎర్రగడ్డలు

మొన్న ఆదివారం నుంచి పక్కింటి రమీజా కనపడితే చాలు, తలుపు చాటుకు పోతాండా. ఎందుకో చెప్తా, నవ్వొద్దండి!

ఆ రోజు వాళ్ళ పాపకు నిశ్చితార్థం. శానా ముందే నేను నోరు జారినా. "బిర్యానీకి ఎర్రగడ్డలు కొనొద్దు రమీజా! మా దొడ్లోవే ఇస్తా."

ఏం ధైర్యమంటే, ఉల్లిమడి నిండా తెల్లటి పూలు! ఒక్కో కాడ మీద బంతి మాదిరి గుత్తి. పైన ఇంత పూత ఉంటే కింద గడ్డ ఎంతుండాల! రోజూ నీళ్ళు పోసేది, ఫొటో తీసేది, వాట్సాప్ స్టేటస్ పెట్టేది. మా ఆయన ఒకసారి, "పూత వస్తే గడ్డ ఊరదంటారే?" అన్నాడు. "నీకేం తెలుసు, ఊరికే ఉండు" అన్నా.

ఆదివారం పొద్దున ఒకటి పీకినా. నిమ్మకాయంత కూడా లేదు! ఇంకోటి పీకినా, అదీ అంతే. కోసి చూస్తే నడిమధ్యలో పుల్ల మాదిరి గట్టి కాడ. మడంతా పీకినా బుట్ట అడుగు నిండలా. అవతల వంటాయన పొయ్యి అంటిస్తాండాడు. గోడ మీద నుంచి రమీజా కేక, "అక్కా, ఎర్రగడ్డలు!"

"పీకుతాండా, వస్తాండా!" అని అరిచి, స్కూటీ ఎక్కి అంగడికి పోయినా. సంచి నిండా కొన్నా. ఆడితో ఊరుకుంటినా? దొడ్లోకి తెచ్చి, బకెట్లో మన్ను కలిపి, ఒక్కోదానికీ బురద పూసినా!

బుట్టకెత్తి వాళ్ళింటికి తీసకపోతే, రమీజా ఒక గడ్డ తీసుకొని బొటనవేలితో తుడిచింది. ఎండిన పొట్టు ఊడి చేతికొచ్చింది.

"ఇప్పుడే పీకినావా అక్కా?"

"ఊఁ. ఇప్పుడే."

"మరి పచ్చికాడలు యాడ పోయినాయి?"

వంటాయన గరిటె పట్టుకొని నన్నే చూస్తాండాడు. చెవులు కాలిపోయినాయి. "మావి పూతకొచ్చి పాడైపోయినాయి రమీజా..." అని గొణిగినా.

"ఆ మాటే చెప్పొచ్చు గదక్కా! ఇప్పుడు ఈ బురద ఎవరు కడగాల?"

ఇంకెవరు? పట్టుచీర కట్టుకోవాల్సిన టైములో కొళాయి కింద కూర్చొని, నేను పూసిన బురద నేనే కడిగినా.

మధ్యాన్నం భోజనాల కాడ, చుట్టాలందరికీ రమీజా నన్ను చూపిచ్చింది. "ఈమె దొడ్లో ఎర్రగడ్డలు ఎండి, కాడలు కోసుకొని, సంచిలోకి ఎక్కే కాస్తాయి! ఈసారి టమాటా పెట్టక్కా. ఊరగాయ అయ్యే కాస్తాయేమో!"

అందరూ ఒకటే నవ్వు. నేను తల వంచుకొని బిర్యానీ తింటా కూర్చున్నా. వడ్డించే ఆయన వచ్చినప్పుడల్లా వద్దనాలంటే తల ఎత్తాల గదా! అది చేతకాక, వేసిందంతా తిన్నా.