అక్క విసిరిన బంతి

పోయిన నెల శుక్లాల ఆపరేషన్ కోసం జగిత్యాలలో కంటి ఆసుపత్రికి వెళ్ళాను. నర్సమ్మ కంట్లో చుక్కలు వేసి, కళ్ళు మూసుకొని బయట బెంచీ మీద కూర్చోమంది. కళ్ళు మూసుకుంటే చెవులకు పని ఎక్కువవుతుంది. లోపల డాక్టరుగారు ఎవరితోనో "ఎడమ కన్ను మూసి కుడి కంటితో చదువమ్మా" అంటున్నారు. ఎవరో చిన్నపిల్ల, గొంతు సన్నగా ఉంది, గడగడా చదువుతూ మూడో వరుసలో ఆగిపోయింది. ఆగిన ఆ కాసేపూ నేను బెంచీ అంచు గట్టిగా పట్టుకున్నాను. ఆ పిల్లెవరో నాకు తెలియదు. కానీ అదే గది, అదే బెంచీ. తొమ్మిదేళ్ళ కిందట ఇంకో పిల్ల చదవబోయే వరుసల కోసం నేను అక్కడే ఊపిరి బిగబట్టుకొని కూర్చున్నాను.

అప్పుడు నేను కోరుట్లలో ఒక డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేదాన్ని. బస్సు కోసం తప్ప జన్మలో పరుగెత్తి ఎరగను. అటువంటి నన్ను తీసుకెళ్ళి ఆడపిల్లల బేస్‌బాల్ జట్టుకు ఇన్‌ఛార్జిని చేశారు. ఆటలు చూసుకునే పీడీ సారు బదిలీ మీద వెళ్ళిపోయారు, ఆయన స్థానంలో ఎవరూ రాలేదు. ప్రిన్సిపాల్ గారు ఒకరోజు స్టాఫ్ రూములోకి వచ్చి చుట్టూ చూశారు. అందరూ పేపర్లు దిద్దుతున్నట్టు తలలు వంచుకున్నారు. అమాయకంగా తలెత్తి చూసింది నేనొక్కదాన్నే. "మేడం చూసుకుంటరు" అని ఆయన వెళ్ళిపోయారు. మొదటిరోజు మైదానంలో, వికెట్లు ఎక్కడ పాతుతారని పిల్లల్ని అడిగాను. ఎవరూ నవ్వలేదు గానీ, నవ్వకుండా ఉండడానికి ఎంత కష్టపడుతున్నారో తెలిసిపోయింది. తర్వాత మెల్లగా నేర్చుకున్నాను. ఈ ఆటలో బంతి నేలకు తగలకుండా నేరుగా మనిషి మీదికే వచ్చినట్టు వస్తుంది. విసిరే పిల్ల పిచర్. బ్యాటు పట్టుకున్న పిల్ల వెనక గొంతుక్కూర్చుని బంతి అందుకునేది క్యాచర్. బ్యాటుకు అందకుండా నాలుగు బంతులు పక్కకు పోయాయంటే, బ్యాటు పట్టుకున్న పిల్ల ఏ కష్టమూ లేకుండా మొదటి బేస్‌కు నడిచి వెళ్ళిపోతుంది. అంటే పిచర్ గురి తప్పితే మిగతా ఎనిమిది మందీ నిలబడి చూడవలసిందే.

పరుగెత్తి కాలు మోపే ఆ బేస్‌లు కూడా మాకు లేవు. మార్కెట్ యార్డులో పనిచేసే ఒక పిల్ల తండ్రి పాత పసుపు సంచులిస్తే, వాటిలో ఊక నింపి కుట్టుకున్నాం. పిల్లలు వాటి మీదికి జారి లేచేసరికి మోకాళ్ళూ మోచేతులూ పచ్చగా అయ్యేవి. ఒక తల్లి పనిగట్టుకొని కాలేజీకి వచ్చి, "మేడం, మా పిల్లకు మీరు దినాం నలుగు పెడుతున్నరా ఏంది?" అని అడిగింది. ఆట నేర్పడానికి సిరిసిల్ల నుంచి ఒకాయన వచ్చేవాడు. వయసులో ఉండగా రాష్ట్రం జట్టుకు ఆడిన మనిషి. తర్వాత సాంచెల మీదే స్థిరపడ్డాడు. మరమగ్గాలను అక్కడ సాంచెలంటారు. ఇరవై ఏళ్ళు ఆ చప్పుడులో నిలబడి వినికిడి సగం పోగొట్టుకున్నాడు. అందుకని ఎదురుగా ఉన్న మనిషితో కూడా పక్క వాడలో ఉన్న మనిషితో మాట్లాడినట్టు మాట్లాడేవాడు. సెలవు దొరికిన రోజు వేములవాడలో బస్సు మారి వచ్చేవాడు. పిల్లలు ఆయన్ని అన్నా అని పిలిచేవారు.

జట్టుకు ఆయువుపట్టు ఇద్దరు పిల్లలు. మల్లాపూర్ నుంచి ఒకే బస్సులో వచ్చే అక్కాచెల్లెళ్ళు. ఒక తల్లి పిల్లలు కారు, అక్కాచెల్లెళ్ళ బిడ్డలు. పెద్దదాని తల్లి ఆ పిల్ల పాలు మరవకముందే పోయింది. తండ్రి తాళ్ళెక్కి కల్లు గీసే మనిషి, తెల్లారకముందే ఇల్లు విడిచి పోయేవాడు. అందుకని చిన్నమ్మే తన బిడ్డతోపాటు దాన్నీ పెంచింది. బీడీలు చుడుతూ ఇద్దరినీ డిగ్రీ దాకా తెచ్చింది. పెద్దది పొడగరి, తండ్రి చేతులు వచ్చాయి, మాట తక్కువ. అదే మా పిచర్. చిన్నది పొట్టిది, చురుకైనది, నిద్రలో తప్ప నోరు మూసేది కాదు. బ్యాటు పట్టుకుంటే బంతి కాలేజీ గోడ దాటి మొక్కజొన్న చేలో పడేది. వీళ్ళిద్దరున్నారు కదా, ఈ ఏడు అంతర కళాశాలల పోటీల్లో మనకేం భయం అని నేను కూడా స్టాఫ్ రూములో కాస్త గొప్పలు పోయాను.

పోటీలకు ఇంకా ఇరవై రోజులుంది. ఎండలు ముదురుతున్నాయి, చుట్టుపక్కల పసుపు ఉడకబెడుతున్న వాసన గాలినిండా ఉంది. ముఖానికి జాలీ ఉన్న హెల్మెట్ మాకు ఒక్కటే ఉండేది. దాని లోపలి స్పాంజి పదిమంది చెమట తాగి కంపు కొట్టేది. ఆరోజు చిన్నది బ్యాటు తీసుకుంటూ, "మేడం, గిది పెట్టుకుంటే కడుపుల తిప్పుతుంది. గీ ఒక్కసారికి వద్దు మేడం" అంది. "సరే, ఈ ఒక్కసారికే" అన్నాను. ఆ మూడు మాటలూ నావే. మూడో బంతికో నాలుగో బంతికో ఒక మెత్తటి చప్పుడు వినబడింది. బ్యాటుకు తగిలిన చప్పుడు కాదని నాకు కూడా తెలిసింది. చిన్నది చేతుల్లో ముఖం పెట్టుకొని కూలబడింది. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు కారుతోంది. పెద్దది విసిరిన చెయ్యి చాపినట్టే ఉంచి, అడుగు వేయకుండా నిలబడిపోయింది.

ఆటోలో కోరుట్ల ఆసుపత్రికి, అక్కడినుంచి జగిత్యాలకు. డాక్టరుగారు చూసి, కంటి లోపల రక్తం చేరిందన్నారు. అది దానంతటదే తగ్గాలి, తల కదపకుండా పడుకోబెట్టాలి, చూపు సంగతి అప్పుడే చెప్పలేమన్నారు. ఆ "అప్పుడే చెప్పలేం" అన్న మాటను నేను ఎన్ని రకాలుగా అర్థం చేసుకొని చూశానో. సాయంత్రానికి చిన్నమ్మ వచ్చింది. బెంచీ మీద నా పక్కనే కూర్చుంది. ఖాళీ వేళ్ళతో కొంగు అంచును చుడుతూ విప్పుతూ ఉంది, ఆకు లేకుండానే బీడీ చుడుతున్నట్టు. నాకు ఉండబట్టలేదు. "తప్పు నాదమ్మా. హెల్మెట్ లేకుండా ఆడనిచ్చింది నేనే" అన్నాను. ఆమె నా ముఖం చూసింది. "ఒక్కటే టోపీ పెట్టుకొని గంతమందిని ఎట్ల ఆడిపిచ్చినరు మేడం?" అంది, గొంతు పెంచకుండా. 

పెద్దది వార్డులోకి అడుగుపెట్టలేదు. రోజూ వచ్చేది, వరండా చివర నీళ్ళ కుళాయి దగ్గర నిలబడేది, పొద్దుగూకే వేళకు వెళ్ళిపోయేది. చిన్నమ్మ దాన్ని ఒక్కమాట అనలేదు, రమ్మని పిలవనూ లేదు. నేను కాలేజీ అయిపోగానే బస్సెక్కి వచ్చి వీళ్ళిద్దరి మధ్యా తిరుగుతుండేదాన్ని. నాలుగో రోజున పెద్దది నాతో, "చిన్నమ్మ నన్ను కొట్టినా మంచిగుండు మేడం. గిట్ల సప్పుడు జెయ్యకుంటే నాకు ఊపిరాడ్తలేదు" అంది. నా సంచిలోంచి అరటిపండు తీసి చేతిలో పెట్టాను. అది పండును అలాగే పట్టుకొని నిలబడింది.

ఎనిమిదో రోజున కట్టు విప్పారు. మంచి కన్ను మూసి గోడమీది అక్షరాలు చదవమన్నారు. మేం తలుపు బయట. మొదటి వరుస వచ్చింది, రెండోది వచ్చింది. మూడో వరుసలో ఆగిపోయింది. చిన్నమ్మ నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టుకు గాజు ఒకటి పగిలింది కూడా. అప్పుడు లోపలినుంచి, "నీళ్ళస్తున్నయ్ సార్, జెర తుడ్సుకోనియ్యండి" అని వినబడింది. తర్వాత కడదాకా చదివింది. "గా కింద అచ్చేసినోళ్ళ పేరుంది, గది గూడ సదవన్నా?" అని అడిగింది. డాక్టరుగారు నవ్వారు. నేను గోడవైపు తిరిగి ఏడ్చాను. ఈ ఏడు ఆడకూడదని మాత్రం గట్టిగా చెప్పారు.

ఇక అంతా సర్దుకుందనుకున్నాను. మర్నాడు పెద్దది మైదానానికి వచ్చి బంతి విసిరింది. క్యాచర్ తలమీదుగా వెళ్ళిపోయింది. రెండోది నేలలో దిగబడింది. మూడోది పక్కనున్న సైకిళ్ళ మీద పడింది. రెండు రోజులు, మూడు రోజులు, అదే వరుస. వేరే పిల్లతో విసిరిస్తే బంతి సగం దూరంలోనే సొమ్మసిల్లేది. సిరిసిల్ల అన్న వచ్చి బుజ్జగించాడు, గద్దించాడు, చివరికి తలపట్టుకు కూర్చున్నాడు. బస్టాండులో నన్ను పక్కకు పిలిచి, తన లెక్కన గుసగుసగా, ప్లాట్‌ఫాం మొత్తానికీ వినబడేలా, "చెయ్యి మంచిగనే ఉంది మేడం. బంతి ఇడిసే టైముకు కండ్లు మూసుకుంటుంది" అన్నాడు.

పోటీల నుంచి జట్టు పేరు వెనక్కి తీసుకుందామా అని ప్రిన్సిపాల్ గారు అడిగారు. నిజం చెప్పాలంటే నాకు ప్రాణం లేచి వచ్చింది. మళ్ళీ ఎవరికైనా తగిలితే అనే భయంతో అన్నం సహించని రోజులవి. సోమవారం ఉత్తరం పంపుదామన్నాను. శనివారం సాయంత్రం పిల్లలకు చెప్పాను. గ్లవ్‌లు సంచిలో సర్దుకొని వెళ్ళిపోయారు. చిన్నది ఇంట్లో ఈ సంగతి విని ఏం గొడవ చేసిందో నాకు తెలియదు. ఆదివారం పొద్దున ఆఖరిసారి మైదానం సామాను లెక్కచూడ్డానికి వెళితే, మల్లాపూర్ బస్సులో అక్కాచెల్లెళ్ళిద్దరితో పాటు చిన్నమ్మ దిగింది.

ఆమె వచ్చి పసుపు సంచి మీద కూర్చుంది. "ఎయ్యి, సూస్త" అంది. పెద్దది మూడు బంతులు విసిరింది, మూడూ మూడు దిక్కులకు పోయాయి. చిన్నమ్మ లేచి కొంగు నడుముకు చుట్టి, క్యాచర్ చేతిలోంచి గ్లవ్ తీసుకుని, అయిదడుగుల దూరంలో నిలబడింది.

"నాకెయ్యి."

"వద్దు చిన్నమ్మా. తాకుతది."

"తాకితే తాకనియ్యి. ఎనిమిది రోజులు నిన్ను లోపటికి ఎందుకు పిల్వలేదో ఎరుకేనా? నీ మీద కోపం లేక కాదు. ఉండె. నిన్ను దగ్గరికి పిలిస్తే ఏం మాటంటనో అని నాకే బుగులు. ఒక్కసారి అన్నంక గా మాట మల్ల ఎన్కకు రాదుగద బిడ్డ. గిప్పుడు గా కోపం లేదు. కండ్లు తెర్సి ఎయ్యి."

పెద్దది భుజంతో కళ్ళు తుడుచుకుని విసిరింది. చిన్నమ్మకు పట్టుకోవడం రాదు కదా, బంతి పొట్టకు తగిలి కింద పడింది. "ఏం కాలే, ఇంకోటి" అంది. ఇంకొకటి మోకాలికి తగిలింది. చిన్నది మైదానం పక్కన నిలబడి తల్లికి పాఠాలు చెబుతోంది: "అమ్మా, చెయ్యి ముంగటికి పెట్టు, అప్పడం పట్టుకున్నట్టు గాదు." నాలుగో అయిదో బంతి గ్లవ్‌లో పడింది. చిన్నమ్మ దాన్ని తెరిచి చూసుకుని, ఒకడుగు వెనక్కి వేసింది. అట్లా ఒక్కొక్క అడుగే వెనక్కి జరిగింది. ఎండ నెత్తికెక్కేదాకా అది సాగింది. చివరికి అసలు క్యాచర్ వచ్చి తన చోట కూర్చుంది. పెద్దది విసిరిన బంతుల్లో సగమే సరిగ్గా పడ్డాయి. కానీ కళ్ళు తెరిచే విసిరింది, నేను దగ్గరగా వెళ్ళి చూశాను.

సోమవారం ఉత్తరం పంపలేదు. లెక్చరర్లందరం కలిసి జాలీలున్న కొత్త హెల్మెట్లు కొన్నాం. పోటీలు సిరిసిల్లలో. మైదానం పక్క వాడల్లోంచి సాంచెల చప్పుడు ఆగకుండా వస్తుండేది. మొదటి ఆట గెలిచాం. రెండో ఆటలో, రెండు జట్ల పరుగులూ సమానంగా ఉన్నప్పుడు, పెద్దది విసిరిన బంతి జారి అవతలి జట్టు పిల్ల భుజానికి తగిలింది. మా పిల్లలందరూ ఎక్కడివాళ్ళక్కడ బిగుసుకుపోయారు. పెద్దది ఆ పిల్ల దగ్గరికి నడిచి వెళ్ళింది. "జోర్‌గ తాకిందా చెల్లే?" అని అడిగింది. "ఏం కాలే అక్కా" అంటూ ఆ పిల్ల భుజం రుద్దుకుంటూ మొదటి బేస్‌కు పోయింది. పెద్దది వెనక్కి వచ్చి బంతి అందుకుంది. ఆ తర్వాతిది నేను చూడలేదు. "మేడం, మీరు కండ్లు తెర్వుండ్రి. పడ్డది, మంచిగ పడ్డది" అని నల్లద్దాలు పెట్టుకున్న చిన్నది నా మోచెయ్యి లాగింది.

ఆ ఆట ఒక్క పరుగుతో ఓడిపోయాం. ఎవరూ పెద్దగా ఏడవలేదు. అన్న వాళ్ళింటికి తీసుకెళ్ళి అందరికీ సర్వపిండి పెట్టించాడు. "ఓడినా మంచిగ ఆడిన్రు" అని ఆయన అన్నమాట వాడకట్టంతా విన్నది. పెద్దది ఇప్పుడు సారంగాపూర్ దగ్గర ఒక బడిలో పిల్లలకు ఆటలు నేర్పుతోంది. చిన్నది ల్యాబులో పనిచేస్తోంది. దెబ్బ తగిలిన కంటిపాప రెండోదానికంటే రవ్వంత పెద్దదిగా ఉండిపోయింది. ఫొటోల్లో తను ఎవరికో కన్నుకొడుతున్నట్టు పడుతుందని ఫిర్యాదు చేస్తుంది. చిన్నమ్మ ఇంకా బీడీలు చుడుతూనే ఉంది. పండక్కో పబ్బానికో ఫోన్ చేస్తే నన్ను ఆరోగ్యం అడుగుతుంది. ఆ టోపీ ప్రశ్న మళ్ళీ ఎన్నడూ అడగలేదు.

నేను ముప్ఫై రెండేళ్ళు పాఠాలు చెప్పి, రిటైరై ఇంట్లో కూర్చున్నాను. ఆ ముప్ఫై రెండేళ్ళు ఎటు పోయాయని అడిగితే తడుముకుంటాను. ఆ ఎనిమిది రోజులు మాత్రం ఏ పూటకు ఆ పూట విడివిడిగా గుర్తున్నాయి. కాలం ఎవరికోసమూ ఆగదంటారు గానీ, భయపడుతూ ఎదురుచూసే మనిషి పక్కన అది కూడా కాసేపు కూర్చుంటుందని నేను నమ్ముతాను.