నా వందన సమర్పణ, అత్త నుయ్యి

ఒక్క నిమిషంలో ఊరు ఊరంతటి నోరూ మూయించడం ఎలాగో ఎవరైనా నేర్చుకోవాలనుకుంటే నా దగ్గరికి రండి. పోలీసులక్కర్లేదు, లాఠీలక్కర్లేదు. ఒక మైకు, దాని వెనక నాలాంటి వాడొకడు ఉంటే చాలు. నేను చేసిన ఆ ఘనకార్యాన్ని మా ఊళ్ళో ఇప్పటికీ పెళ్ళి భోజనాల్లో పప్పు తర్వాత వడ్డిస్తున్నారు. వాళ్ళ చేతికొదిలితే కారం ఎక్కువ దట్టిస్తున్నారని, ఇక నేనే చెప్పేద్దామని కూర్చున్నాను.

మాది ఉద్దానం. పలాస నుంచి సముద్రం వైపు వస్తుంటే జీడితోటల మధ్య మా ఊరు. అప్పటికి నాకు ఇరవయ్యారేళ్ళు, పలాసలో చిన్న టెంట్ హౌస్ ఉండేది. శామియానా, కుర్చీలు, మైకుసెట్టు అద్దెకిచ్చేవాణ్ణి. వీటితో పాటు ఎవరూ అడక్కపోయినా ఒకటి ఉచితంగా ఇచ్చేవాణ్ణి. అదే వందన సమర్పణ. బడి వార్షికోత్సవం కానివ్వండి, కంటి ఆపరేషన్ల శిబిరం కానివ్వండి, చివర్లో నేను మైకందుకోవాల్సిందే. వేదిక మీది పెద్దల దగ్గర్నుంచి మంచినీళ్ళందించిన వాళ్ళ దాకా పేరుపేరునా ధన్యవాదాలు చెప్పి, బొటనవేలితో ఫోనులో జనగణమన నొక్కేవాణ్ణి. అందరూ లేచేవారు. పాట అయిపోగానే జనమే కుర్చీలు ఒకదాంట్లో ఒకటి పేర్చేసేవారు. అలా అలవాటు చేశాను మా ఊరి వాళ్ళకి. దాని గురించి నాకు లోపల కాస్త గర్వం కూడా ఉండేది, దాచుకోవడమెందుకు.

ఆ రోజుల్లోనే గ్యాసు గొట్టం కబురొచ్చింది. హైవే పక్కనున్న గొట్టానికి ఇంకో పాయ కలిపి సముద్రం వైపు తీసుకెళతారట. దానివల్ల నేలకీ నీటికీ చెట్టుకీ ఏమవుతుందో చెబుతూ కంపెనీ ఒక నివేదిక రాయించింది. ఆ నివేదిక మీద ఊరివాళ్ళ మాట వినడానికి మా బడి మైదానంలో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. అక్కడ చెప్పిన ప్రతి మాటా రాసుకుంటారు, వీడియో తీస్తారు, పైకి పంపుతారు. చెప్పని మాట మాత్రం లేనట్టే లెక్క.

మా మేనత్త కాములమ్మ కొడుకు దాలినాయుడు బావ పంచాయతీ ఆఫీసుకెళ్ళి ఆ నివేదిక తెలుగు కాగితాలు తెచ్చి చదివాడు. పటంలో గొట్టం గీత సరిగ్గా అత్త జీడితోటలోంచి పోతోంది. అది ముందే తెలుసు, పసుపు రంగేసిన రాళ్ళు పాతారు కదా. తెలియనిదేమిటంటే, తోటలో నుయ్యి ఉన్నచోట ఆ కాగితాల్లో 'జీడిచెట్లు, పొదలు' అని రాసి ఊరుకున్నారు. నుయ్యి లేదు. సర్వే చేసినాయన మిట్టమధ్యాహ్నం వచ్చి గట్టు మీంచే చూసి వెళ్ళిపోయుంటాడు. రాయికీ నూతికీ మధ్య పన్నెండడుగులుంది, బావ టేపు పెట్టి కొలిచాడు.

ఉద్దానంలో నీళ్ళంటే ఏమిటో బయటివాళ్ళకి చెప్పడం కష్టం. మా దగ్గర వీధికొకరైనా కిడ్నీలు పాడై మంచాన పడ్డవాళ్ళుంటారు. అత్త మొగుడు మా మావే, పనికెళ్ళిన ఊళ్ళ బోరు నీళ్ళే ఏళ్ళతరబడి తాగినవాడు, వారానికి రెండుసార్లు పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకునేవాడు. నీళ్ళ వల్లో మరి దేనివల్లో చదువుకున్నవాళ్ళే తేల్చలేకపోతున్నారు, నేనెంత. కానీ అత్త నూతి నీళ్ళు తాగినవాళ్ళెవరూ మంచం పట్టలేదని మా ఊరి నమ్మకం. అందుకే ఊరంతా అక్కడికే బిందెలతో వెళుతుంది. ఆ పక్కనే గొట్టం కోసం తవ్వితే ఊట ఎటు పోతుందోనని అత్తకి నిద్ర లేదు.

ముందురోజు సాయంత్రం అత్త అరుగు మీద అందరం కూర్చున్నాం. మైకంటే అందరికీ భయమే. చివరికి చూపులన్నీ నా మీద ఆగాయి. నేను ముందు మాట్లాడి సర్వే నంబరూ దూరమూ చెప్పాలి, నా వెనక అత్త, ఆమె వెనక, ఆ గొట్టం దాటే సముద్రపు ఒడ్డు పల్లెల నుంచి వచ్చే ఆడవాళ్ళు. అత్త నా గడ్డం పట్టుకుని చెప్పింది.

"ఒరే, గొట్టం ఎయ్యొద్దని నాననను. నా నుయ్యి ఉన్నాదని రాసుకోమను. అంతే సెప్పు."

"అదెంత పనత్తా, నాను సూసుకుంటాను కదా" అన్నాను. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందన్నారు పెద్దలు. నోరు మరీ మంచిదైపోతే ఊరేమవుతుందో ఎవరూ చెప్పలేదు.

తెల్లారింది. మైకూ నాదే, కుర్చీలూ నావే, శామియానా నాదే. జిల్లా నుంచి పెద్ద అధికారి వచ్చారు, పక్కన గుమాస్తా, కంపెనీ ఇంజనీరు. ఇంజనీరు గంటసేపు గొట్టం ఎంత మందమో, ఎంత లోతులో వేస్తారో చెప్పాడు. అత్త ముందు వరసలో, ఒళ్ళో నూతి నీళ్ళ బిందె పెట్టుకుని కూర్చుంది. నా జేబులో కాగితముంది. దాన్ని పదిసార్లు తడుముకున్నాను. చెమటకి తడిసి చొక్కాకి అంటుకుపోయింది.

అధికారి వాచీ చూసుకుని, ఊరి తరఫున మాట్లాడేవాళ్ళు రావచ్చన్నారు. బావ వెనకనుంచి నన్నొక తోపు తోశాడు.

మైకు ముందు నిలబడ్డాను. కాగితం తీశాను. సగం అక్షరాలు కరిగిపోయాయి. వీడియో కెమెరా వాడు నా మొహం మీదికి తిప్పాడు. ముందు మర్యాదకి ఒక్క మాటందామని "వేదికనలంకరించిన పెద్దలకు" అన్నాను. చూశారా, అక్కడే నా కొంప మునిగింది. ఆ మాట తర్వాత ఏ మాట రావాలో నాకు తెలియదు గానీ నా నోటికి తెలుసు. రోజూ తిరిగే రూటులో బస్సు పోయినట్టు అది పోతూనే ఉంది.

"తమ అమూల్యమైన సమయాన్ని వెచ్చించి మా గ్రామానికి విచ్చేసిన అధికారి గారికి, గ్యాసు గొట్టం గురించి మనసుకు హత్తుకునేలా వివరించిన ఇంజనీరు గారికి, మా గ్రామ ప్రజల తరఫున హృదయపూర్వక ధన్యవాదాలు. ఇలాంటి కార్యక్రమాలు మా ఊళ్ళో మరెన్నో చేపట్టాలని, దానికి మా సహాయ సహకారాలు ఎల్లప్పుడూ ఉంటాయని తెలియజేస్తూ..."

గుమాస్తా తల ఎత్తకుండా రాసుకుంటున్నాడు. నా లోపలెవడో ఆపరా ఆపరా అంటున్నాడు. ఆపడానికి చెయ్యి కదిపాను. ఆ చేతిలో ఫోనుంది. బొటనవేలు తన పని తాను చేసేసింది.

జనగణమన మొదలైంది.

వేదిక లేచింది. ఊరు లేచింది. నేనూ నిటారుగా నిలబడ్డాను, మరేం చేస్తాను. యాభై రెండు సెకన్లు, అయ్యా. మీరెప్పుడైనా ఆ యాభై రెండు సెకన్లూ కొలిచారా? కదలకూడదు, మాట్లాడకూడదు, నెత్తి కొట్టుకోకూడదు. ఎదురుగా అత్త చంకలో బిందెతో కదలకుండా నిలబడి నన్నే చూస్తోంది. పాట గంగ దగ్గరికి వచ్చేసరికి అత్త కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంత సిగ్గు నాకు అంతకుముందూ లేదు, ఆ తర్వాతా లేదు.

పాటయింది. నేను నేర్పిన విద్య నాకే ఎదురొచ్చింది. జనం కుర్చీలు పేర్చడం మొదలెట్టేశారు. అధికారి దిగి వచ్చి నా భుజం తట్టారు.

"బాగా మాట్లాడావయ్యా. ఇంత సహకారం ఏ ఊళ్ళోనూ చూడలేదు."

అయ్యా, ఇంకా మాట్లాడాల్సినవాళ్ళున్నారని గొణిగాను. జాతీయగీతం అయ్యాక సభ మళ్ళీ మొదలుపెట్టడం ఎక్కడా లేదని, ఉన్నదేదో రాసి పంపమని చెప్పి ఆయన కారువైపు నడిచారు. ఈలోగా బావ వచ్చి నా చొక్కా పట్టుకున్నాడు.

"కంపెనీవోళ్ళు నీకేటిచ్చినార్రా?"

"ఏటీ నేదు బావా, అలవాటు" అన్నాను. ఆ జవాబు విని వాడు కొట్టడానికి ఎత్తిన చెయ్యి దింపేశాడు. కొడితేనే బాగుండేది. అత్త మాత్రం ఒక్క మాటే అంది.

"నా నుయ్యి మాట ఏదిరా?"

అధికారి కారు తలుపు తీశారు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారు లోకంలో. నేను మళ్ళీ మైకే పట్టుకున్నాను. కుర్చీలద్దెకిచ్చే వృత్తిలో నేనొక సత్యం నేర్చుకున్నాను. వేదిక దిగిపోయిన పెద్దమనిషిని దండం పెట్టి వెనక్కి తేలేం, కాళ్ళు పట్టుకునీ తేలేం. దుశ్శాలువా ఉందంటే మాత్రం ఆయనే వస్తాడు. నా ట్రంకు పెట్టెలో ఎప్పుడూ ఒకటి సిద్ధంగా ఉంటుంది.

"ఇప్పుడు సన్మాన కార్యక్రమం" అని అరిచాను. "గౌరవనీయులైన అధికారి గారిని మరొక్కసారి వేదికనలంకరించవలసిందిగా సాదరంగా ఆహ్వానిస్తున్నాము."

ఒక కాలు కారులో, ఒక కాలు నేల మీద ఉంది ఆయనకి. కారులోని కాలు బయటికొచ్చింది. ఆ వెనకే ఇంజనీరు, గుమాస్తా, కెమెరా వాడు కూడా వచ్చేశారు. పేర్చిన కుర్చీలు మళ్ళీ విడిపోయాయి.

"మా గ్రామం తరఫున శాలువా కప్పవలసిందిగా మా అత్త కాములమ్మను కోరుతున్నాను" అన్నాను.

అత్తకి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక బిందె ఎత్తుకుని వేదికెక్కింది. బిందె బల్ల మీద పెట్టింది. నేనందించిన శాలువా తీసుకుని, కుర్చీలో కూర్చున్న అధికారి భుజాల మీద కప్పింది. కప్పింది గానీ రెండు కొసలూ వదల్లేదు. దండలు కట్టే చేతులు కావవి, నలభై ఏళ్ళు చేదతో నీళ్ళు తోడిన చేతులు. నేను మైకు తీసుకెళ్ళి ఆమె నోటి దగ్గర పెట్టాను.

"బాబూ, నీ కాయితంలో నా నుయ్యి నేదు. పొదలని రాసినారు. మా ఊరంతా ఆ నీళ్ళే తాగతాది. మా ఆయన రగతం మిసన్లో తిరగతన్నాది. మిగిలినోళ్ళకైనా ఆ నీళ్ళు మిగలాల. నీ రాయి ఆ నూతికి పన్నెండడుగులు."

ఆయన లేవబోయారు. శాలువా కదల్లేదు. అత్త ఒక చేత్తోనే రెండు కొసలూ పట్టుకుని, రెండో చేత్తో గ్లాసులో నీళ్ళు వంచి ఇచ్చింది. ఆయన గ్లాసు వైపు చూశారు, జనం వైపు చూశారు. తాగారు.

"ఎలగున్నాయి?"

"తియ్యగా ఉన్నాయమ్మా."

"ఆ మాట రాసుకోమను."

గుమాస్తా పెన్ను పట్టుకుని ఆయన మొహంలోకి చూశాడు. ఆయన గ్లాసు బల్ల మీద పెట్టి, మెల్లగా అన్నారు.

"రాయండి. నుయ్యి ఉంది. పన్నెండడుగులు."

అప్పుడు వదిలింది అత్త శాలువా. ఆ తర్వాత సముద్రపు ఒడ్డు ఆడవాళ్ళు మాట్లాడారు, బావ మాట్లాడాడు, ఎన్నడూ నోరు విప్పని వాళ్ళు మాట్లాడారు. పొద్దు వాలేదాకా సాగింది. ఈసారి నా ఫోను మాత్రం బావ జేబులో ఉంది.

కొన్ని నెలలకి కొత్త పటం వచ్చింది. గీత తోటలోంచి జరిగి రోడ్డు పక్కకి పోయింది, నూతి చోట చిన్న గుండ్రం గీశారు. దానితో పాటు ఆనాటి అభిప్రాయాల జాబితా పంచాయతీ గోడకి అంటించారు. అందులో అత్త మాటకన్నా పైన, మొట్టమొదటి పేరు నాది. ఎదురుగా 'ప్రాజెక్టును హృదయపూర్వకంగా స్వాగతించారు, ఇలాంటివి మరెన్నో కావాలని కోరారు' అని ఉంది. మా మావ డయాలసిస్ నుంచి వస్తూ దారిలో ఆటో ఆపించుకుని మరీ చదివి, కడుపు పట్టుకుని నవ్వాడట. ఆయన అలా నవ్వి చాలాకాలమైందని అత్త నన్ను క్షమించేసింది.

కాబట్టి ఉద్దానం జీడిచెట్ల సాక్షిగా, అత్త నూతి సాక్షిగా, నా మైకుసెట్టు మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ సభలోనూ, ఏ సందర్భంలోనూ, ప్రాణం పోతున్నా సరే, ఎవరికీ వందన సమర్పణ చేయను. నా ఈ ప్రతిజ్ఞను సహృదయంతో ఆలకించి, తమ అమూల్యమైన సమయాన్ని వెచ్చించి ఇంతదాకా చదివిన పాఠక మహాశయులందరికీ పేరుపేరునా హృదయపూర్వక...

అయ్యయ్యో. కూర్చోండి, లేవకండి. అత్త ఇంకా ఏదో చెప్పాలట.