లెక్క రాని ఊళ్లు

నర్సీపట్నంలో మలేరియా పటాలు తయారుచేసే కరుణకుమారికి ఉద్యోగంలో చేరిన కొత్తలో రంగులంటే సరదా. కంప్యూటరు ముందు కూర్చుని మన్యం ఊళ్లకు పచ్చ, నీలం, ఊదా, ఎరుపు, తోచినవన్నీ వేసేది. దోమల మందు కొట్టే జట్టుకు పెద్ద అయిన తాతాజీ ఓసారి ఆ పటం చూసి నవ్వాడు.

"సీరల కొట్టులాగుందమ్మా. జొరాలు ఏ ఊర్లో ఎక్కువో ఎలా తెలుస్తాదీ?"

ఆ మాట ఆమెకు తగిలింది. అన్నీ చెరిపేసి ఒకే వరస పెట్టుకుంది. జ్వరాలు లేని ఊరికి లేత పసుపు, పెరిగేకొద్దీ నారింజ, మరీ ఎక్కువైతే ఎండిన నెత్తురు రంగు. జీపులో వెళ్లేవాళ్లకు అందేది నలుపు తెలుపు జిరాక్సు కాబట్టి, అందులోనూ లేత, ముదురు తేలేలా రంగుకూ రంగుకూ మధ్య ఎడం ఉంచింది. ఇక తాతాజీ ఎవరినీ అడగక్కర్లేకుండా ముదురున్న ఊళ్లకే ముందు వెళ్లేవాడు.

ఒక్కటి మాత్రం ఆమె ఆలోచించలేదు. రక్తపరీక్షల లెక్క రాని ఊళ్లను కంప్యూటరు సున్నా కిందే తీసుకుని లేత పసుపు పూసేది. ఆమె తమ్ముడు జాన్ పాల్ పాఠాలు చెప్పే కొండ ఊరు అలాంటిదే. వాట్సాప్‌లో పటం చూసి అతను ఫోన్ చేశాడు.

"ఏటక్కా, మా ఊరు మావిడిపండులా మెరిసిపోతంది! ఇక్కడ దోమలు మనుసుల్ని ఎత్తుకుపోతన్నాయి."

"లెక్క రాకపోతే నానేటి సేస్తానురా? రగతం తీసి బేగి పంపమను."

"తీసేవోడే జొరంతో పడుకున్నాడే!"

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ వానాకాలం జీపు ముదురు ఊళ్లకే తిరిగింది. జాన్ పాల్‌ను జ్వరం తలకెక్కాక డోలీలో కొండ దింపి ఆసుపత్రికి తెచ్చేసరికి అతను అక్కను పోల్చుకోలేకపోయాడు. శవపెట్టె మీద మట్టి వేస్తూ చర్చి సంఘంవాళ్లంతా దేవుడి చిత్తం అన్నారు. ఆమె ఆమెన్ అనలేదు.

ఆ తరవాత లెక్క రాని ఊళ్లకు రంగు వేయడం మానేసింది. బూడిదరంగు వేస్తే జిరాక్సులో మిగతావాటితో కలిసిపోతుందని ఏటవాలు గీతలు పెట్టింది.

"ఇవేటమ్మా?" అన్నాడు తాతాజీ.

"అక్కడ ఎలాగుందో మనకి తెలీదని, తాతాజీ గారూ."

"తెలకపోతే మరి ముందు ఆడికే ఎల్లాల గదా!"

ఈ ఏడు కొత్తగా వచ్చిన ఆఫీసరుకు ఆ గీతలు నచ్చలేదు. "పైవాళ్లకు చూపించాలమ్మా. పని సగంలో వదిలేసినట్టుంది. తీసేసి పసుపు వెయ్యండి."

"సగమే అయిందండీ," అంది కరుణకుమారి. జాన్ పాల్ పోయాక కూడా ఆ ఊరి నుంచి లెక్క రాలేదు. ఇప్పటికీ అది గీతల్లోనే ఉంది.

"సాయంత్రానికి కావాలి," అని ఆయన వెళ్లిపోయాడు.

గుమ్మం దగ్గర నిలబడి విన్న తాతాజీ గొంతు తగ్గించాడు. "ఆయనకి కావాల్సింది ఆయనకిచ్చీమ్మా. మాకు మాత్రం గీతల్దే ఇయ్యి."

గీతల పటం జిరాక్సు తీసి ఇచ్చింది. అతను మడిచి జేబులో పెట్టుకున్నాడు. జీపు కొండదారి వైపు తిరిగేదాకా కిటికీలోంచి చూసి, ఆమె మళ్లీ కూర్చుంది. ఆఫీసరు అడిగిన పటం తెరిచి, తమ్ముడి ఊరికి ఇంకోసారి లేత పసుపు వేసింది.