ఎగజేపుకు గడి లేదు

పిల్లలూ, మన ఆవు చెవికి ఆ పసుపుపచ్చ బిళ్ళ ఏమిటని వీడియో కాల్‌లో అడిగారు కదా. అది దాని ఆధార్ కార్డు. అది వచ్చిన రోజే ఆవు చేయి దాటిపోవాల్సింది.

మూడేళ్ళ కిందట ఒక సారు టాబ్లెట్ పట్టుకుని మన ఊరికి వచ్చాడు. ఏ ఆవు ఎన్ని పాలిస్తుందో, ఏ దూడ ఎంత త్వరగా పెరుగుతుందో రాసుకుని, తోక వెంట్రుకలు పీక్కెళ్ళి, ఆ గుణం తల్లిదో తండ్రిదో తేలుస్తాడట. బిళ్ళ కొట్టాక దూడ ఛాతీకి టేపు చుట్టాడు. మా దర్జీ కూడా అంత శ్రద్ధగా కొలవడు. దూడకు జాకెట్టు కుట్టిస్తాడేమో అనుకున్నాను.

మీ తాతకు ఆ టాబ్లెట్ మీద మహా గురి. "సారు పనికిరాదంటే ఈ పొద్దే సంతకు తోలేస్తా," అన్నాడు. పెయ్యగా ఉన్నప్పటి నుంచి నా చేతి కుడితి తాగిన ఆవు అది.

సారు వెంట వచ్చిన మనిషి చెంబు పట్టుకుని కూర్చున్నాడు.

"నేను పితుకుతాలే నాయనా," అన్నాను.

"వద్దమ్మా. అన్ని ఆవులకూ ఒకే చెయ్యి ఉండాలి," అన్నాడు సారు.

ఆవు ఆ కొత్త మనిషిని వాసన చూసి, వచ్చే పాలు రానీకుండా బిగబట్టింది. దాన్నే మనం ఎగజేపు అంటాం. చెంబు అడుగు కూడా తడవలేదు.

"చాలా తక్కువ. తల్లి నుంచి వచ్చుంటుంది," అన్నాడు సారు తెర మీద వేలు జరుపుతూ.

"సచ్చిపోయిన దాని తల్లినెందుకు ఆడిపోసుకుంటావు సారూ? ఇది ఎగజేపింది, సూడు."

"అలాంటి గడి ఇందులో లేదమ్మా."

"గడి లేకుంటే ఆవుకు బుద్ధి లేకుండా పోతాదా?"

మీ తాత అప్పుడే పలుపు విప్పుతున్నాడు.

"ఏమయ్యో, నేను చేసిన సంగటి తప్ప ఇంకోరు పెడితే ఒక్క పూటన్నా తింటివా? మరి నిన్ను ఏ సంతకు తోలాల?"

ఆయన చెయ్యి ఆగిపోయింది. ఆ సందులో, కుడితి మరకలున్న నా పాత చీర తెచ్చి పాలు పితికే మనిషికి మెడ నుంచి మోకాళ్ళ దాకా చుట్టేశాను. ఆవు అతని చెవి నాకింది. హాయిగా పాలు చేపింది. చెంబు మీద నురుగు పొంగింది.

సారు పాత అంకె చెరిపి కొత్తది వేశాడు. "తల్లి గుణం బాగుంది," అన్నాడు. చీరకు కూడా గడి లేదట.

వెళ్తూ వెళ్తూ, పక్క ఊళ్ళో పనికొస్తుందని ఆ చీర అడిగి పట్టుకుపోయాడు. అన్ని ఆవులకూ ఒకే చీర ఉండాలి కాబోలు. ఆ ఊరి ఆవులకు నేనెవరో తెలియదని నేను చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

మీ తాత పలుపు మళ్ళీ గుంజకు కట్టి, నా వైపు చూడకుండానే అడిగాడు.

"ఏమే, సంగటి అయిందా?"