‘సూద్దాం’ అన్న ఆర్డరు

నందపూర్ దాటి కొండ మీదున్న పోస్టుకి నేను సెక్షన్ కమాండర్‌గా చేరిన రోజు ఒకటే వాన. నా కింద పది మంది. ఇసుక బస్తాల బంకరు, రేకుల షెడ్డు, ఒక వైర్‌లెస్ సెట్టు, బయటికెళ్లేవాళ్లకి రెండు వాకీటాకీలు. కొండ దిగితే వాగు, దాని మీద రెండు దుంగలు. ఊరివాళ్లు సంతకి వెళ్లాలన్నా, మా రేషన్ రావాలన్నా ఆ దుంగల మీదుగానే.

‘సమస్య ముదిరేదాకా ఆగొద్దు, ముందే కనిపెట్టి నువ్వే నిర్ణయం తీసుకో’ అని కంపెనీ కమాండర్ హిందీలో చెప్పి పంపాడు. యస్ సార్ అన్నాను. నిజానికి పైనుంచి ఆర్డరు రానిదే కాలు కదిపే రకం కాదు నేను.

మాది రాయగడ, ఇంట్లో తెలుగే. మాకు ముందు నడిచి దారి చూసే స్కౌటుది కుందుర, వాళ్ల ఇంట్లో మాట్లాడేది దేసియా. నా దగ్గర తెలుగు నేర్చుకుంటానని వెంటపడ్డాడు. నా యాసే వాడికీ అంటింది.

శ్రావణంలో ఒక సాయంత్రం బంకర్లోకి వచ్చాడు.

“సార్, దుంగ కింద మట్టి కోసుకుపోతంది. రేపు సంత.”

నేను మేజోళ్లు పిండుకుంటున్నాను. “సూద్దాంలే,” అన్నాను.

మన ఇళ్లలో ఆ మాటకి అర్థం అందరికీ తెలుసు. ఇక వదిలెయ్ అని. వాడికి తెలీదు. ఇద్దరం కలిసి వెళ్లి చూద్దామన్నాననుకున్నాడు.

పొద్దున్నే సెట్టులో స్కౌటు గొంతు పలికింది.

“సార్, వాగుకాడున్నాను. మీ ఆర్డరని సెప్పి జనాన్ని ఆపేను. ఎప్పుడొస్తారు? ఓవర్.”

“నా ఆర్డరేటి? ఓవర్.”

“సూద్దాం అన్నారు గదా. మీరు సూసేదాకా ఎవుల్నీ దాటనివ్వను. ఓవర్.”

ఆపరేటర్ పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను. తీరిగ్గా టీ తాగి దిగాను. సగం దారిలో ఉండగా పెళపెళమని చప్పుడు. వెళ్లేసరికి దుంగలు లేవు. అల్లం గంపలు దించుకుని ఆడవాళ్లు ఇవతలి గట్టునే ఉన్నారు. ఒక ముసలమ్మ నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. సిగ్గుతో చచ్చిపోయాను.

అంతటితో పోలేదు. కంపెనీ కమాండర్ మెచ్చుకుని, కొరాపుట్‌లో కొత్త సెక్షన్ కమాండర్లకు క్లాసు చెప్పమన్నాడు. ముప్పును ముందే పసిగట్టడం ఎలా, అదీ పాఠం. బోర్డు మీద వాగు బొమ్మ గీసి మరీ చెప్పాను. నాతో వచ్చిన స్కౌటు ముందు వరుసలో కూర్చుని తలూపుతున్నాడు. నిజం గొంతు దాకా వచ్చింది. మింగేశాను.

“బాగా సెప్పేరు సార్,” అన్నాడు బయటికొచ్చాక.

ఇప్పుడు రిటైరై రాయగడలోనే ఉంటున్నాను. వీధిలో పిల్లలు ఆర్మీ తాతా అంటారు. తుపాకులూ కాల్పులూ అడుగుతారు. నా కళ్ల ముందు మాత్రం ఆ పొద్దుటి గట్టే. మా స్కౌటు దుంగ కిందికి దిగి చూడ్డానికి నడుముకి తాడు కట్టుకుని నిలువెల్లా తడుస్తున్నాడు. ఒంటి మీద ఉండాల్సిన రెయిన్‌కోటు చుట్టి చంకలో పెట్టుకున్నాడు. నన్ను చూసి దాన్ని విప్పాడు. లోపల ఇంకో తాడు, పొడిగా.

“ఇది మీకు సార్,” అన్నాడు.